డిటో

పాతికేళ్ల కిందట, గౌతమి సముద్రంలో కలిసే చోట
గొలుసు పట్టుకుని మోకాటి లోతు ఒండ్రులో దిగాను.
వెనక చైన్‌మన్ నూకయ్య,
వాడి చంకలో నా బూట్లు.
సర్వే నంబరు నూటపద్దెనిమిది,
నూట అరవై రెండెకరాల చిల్లర.

పాత రిజిస్టరులో వర్గీకరణ గడిలో
ఏ కరణంగారి సిరానో: "నిరుపయోగం".
దాని కింద రెండు చిన్న గీతలు. డిటో.
వాటి కింద మరో రెండు.
పేజీ అడుగుదాకా చీమల బారు.
నేనూ రెండు గీతలు గీశాను.
చెయ్యేమీ నొప్పి పుట్టలేదు.

ఆ గీతల సందులోంచే వచ్చాయి ప్రొక్లెయిన్లు.
నిరుపయోగమైన దాన్ని ఉపయోగంలోకి తేవచ్చునని జీవో.
చేపల శాఖ "అనువైనది" అంది.
అడవి శాఖ "మాది" అని బోర్డు పాతి
బోర్డుకి రంగు వెయ్యడానికి నిధుల్లేవంది.
పోటు మాత్రం ఎవరి అనుమతీ అడక్కుండా
రోజుకి రెండుసార్లు వచ్చి, చూసి, పోయేది.

నూటపదిహేడు చెరువులైంది.
నూటపంతొమ్మిది చెరువులైంది.
రాత్రంతా ఏరేటర్లు నీళ్లని చితక్కొట్టే చప్పుడు.
గట్టవతల మంచినీళ్ల బావి ఉప్పెక్కింది.
బావి ఉప్పెక్కిన సంగతి రాయడానికి
మా రిజిస్టరులో గడి లేదు.

మళ్లీ సర్వే వచ్చింది. ఈసారి గొలుసు లేదు,
నెత్తిమీద డ్రోను, చేతిలో ట్యాబు.
నమోదులన్నీ గ్రామసభలో పైకి చదవాలని కొత్త నిబంధన.
తుఫాను షెల్టరు మెట్లమీద నిలబడి
గొంతు పోయేలా చదువుతున్నాను.
ఓలేటి అద్దాలమ్మ పీతల బుట్ట దించి అడిగింది:
"మా మడని ఏటని రాశారు బాబూ?"
చదివాను.
"ఎవరికండీ నిరుపయోగం?"

కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే.
బుట్టలో పీతలు గీరుతున్నాయి.

ట్యాబులో ఎంచుకోడానికి పదకొండు మాటలు.
వాటిలో మడ లేదు.
"ఇతరములు" నొక్కాను.
రిమార్కుల్లో యాభై అక్షరాలకే చోటు:
నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న. జనం బతుకు
అక్కడికి ఆగిపోయింది వాక్యం.

జతగా వాళ్ల సంఘం పుస్తకం పంపాను.
పదేళ్ల లెక్క, అద్దాలమ్మ మనవరాలి చేతిరాత.
నాటినవి నాలుగొందలు, బతికినవి తొంభై.
మళ్లీ నాటినవి మూడొందలు. గాలివాన. బతికినవి ముప్పై ఒకటి.
మళ్లీ నాటినవి.
ప్రతి పేజీ కిందా తొమ్మిది వేలిముద్రలు,
ఒకదాంట్లో చేప పొలుసు అంటుకుని ఉంది.

ఆర్డీవో ఆఫీసు నుంచి తిరుగు టపా:
"పూర్వపు నమోదును అనుసరించకపోవడానికి కారణమేమి?"
కారణం రాశాను.
వాళ్లు అడవి శాఖ అభిప్రాయం కోరారు.
అడవి శాఖ చేపల శాఖ అభిప్రాయం కోరింది.
చేపల శాఖ పటం కావాలంది.
పటం మా బీరువాలో ఉంది. తాళం పాత తహసీల్దారు దగ్గరుంది.

ఈలోగా ఓ తెల్లారుజామున
యంత్రం గట్టెక్కి వచ్చింది.
అద్దాలమ్మ అడ్డంగా నిలబడలేదు, నినాదం ఇవ్వలేదు.
"ఫైలు విచారణలో ఉందయ్యా" అంది,
అచ్చం మా హెడ్‌గుమాస్తా గొంతుతో.
డ్రైవరు బుర్ర గోక్కున్నాడు.
కాంట్రాక్టరుకి ఫోను చేశాడు. వెనక్కి తిప్పాడు.

ఫైలు కదల్లేదని తిట్లు తిననిది
నా నౌకరీలో ఒక్క వారం లేదు.
ఇప్పుడు సోమవారం సోమవారం ఆవిడ ఫోను:
"కదిలిందా బాబూ?"
"లేదమ్మా."
"మంచిది" అని పెట్టేస్తుంది.

మొన్న పాటు సమయానికి వెళ్లి చూశాను.
బురదలోంచి వేలెడేసి ఊపిరి వేర్లు,
నేను గీసిన గీతల్లాగే, రెండేసి, రెండేసి,
చూపు ఆనినంత మేరా.

వచ్చే నెలాఖరుకి నా రిటైర్మెంటు.
నా సీటులోకి వచ్చే కుర్రాడు చురుకైనవాడట.
ఒక్క ఫైలూ పెండింగు ఉంచడట.